ఆ ఇంట్లో ఇద్దరు బాలింతలు

పశువుల డాక్టరుగా పనిచేసినన్నాళ్ళూ నా పేషెంట్లలో ఒక్కరు కూడా నా మీద పై అధికారికి అర్జీ పెట్టలేదు. అందులో నా గొప్పతనం ఏమీ లేదు, వాళ్ళకి రాయడం రాదు. తన్నడం వచ్చు. ఆ రకంగా వాళ్ళ అభిప్రాయాలు నా మోకాళ్ళ మీద ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతుంటారు. అడ్డం తిరిగిన దూడని భుజం దాకా చెయ్యి పెట్టి లాగిన కథ చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటి కథ ప్రతి పశువుల డాక్టరు దగ్గరా ఒకటి ఉంటుంది. చెప్పిన ప్రతిసారీ దూడ కాస్త పెద్దదవుతుంది. నాకు మరిచిపోలేని కేసు మాత్రం ఒక మనిషిది. మనిషికి వైద్యం చేసే హక్కు నాకు లేదు, చేయనూ లేదు. గేదెను చూడటానికి పోయి, గేదె పక్కన ఉన్నదాన్ని చూశానంతే. బి విటమిన్ల గురించి కాలేజీలో పేజీలకి పేజీలు బట్టీ పట్టినా, అవి అర్థమైంది ఆ గేదె కట్టేసిన రేకుల పాకలోనే. అందుకని దాని గురించే రాస్తాను. ప్రమోషన్ల సంగతి వదిలేస్తున్నాను. అవి నన్ను ఎప్పుడో వదిలేశాయి.

ముందు గాడి

నా మొదటి పై అధికారి, అసిస్టెంట్ డైరెక్టరు, అంటే ఏడీ గారు, మాట పొదుపు మనిషి. ఉద్యోగంలో చేరిన వారంలోనే నన్ను వెంటబెట్టుకుని ఒక ఎద్దును చూడటానికి తీసుకెళ్ళారు. కొత్త స్టెతస్కోపు, కొత్త బూట్లు, కొత్త ఉత్సాహం. గుండె విన్నాను. థర్మామీటరు పెట్టాను. కనురెప్పలు తిప్పి చూశాను. ఆయన మాత్రం ఎద్దు వైపు కన్నెత్తి చూడకుండా, మేత వేసే గాడి దగ్గర గొంతుకూర్చుని, అడుగున మిగిలిన మేతని గుప్పిట్లోకి తీసుకుని వాసన చూస్తున్నారు.

"ఏం తేల్చావయ్యా?" అన్నారు.

"గుండె బాగుంది సార్. టెంపరేచరు నార్మల్."

"రోగం నోట్లోంచి లోపలికి పోయింది. నువ్వేమో తోక దగ్గర నిలబడ్డావు," అని గుప్పిట్లో మేత నా ముక్కు దగ్గర పెట్టారు. బూజు వాసన. "ముందు గాడి చూడు. తర్వాత తీరికుంటే గొడ్డును చూడు."

నా పై అధికారుల్లో చాలామంది నాకు సంతకం ఎక్కడ పెట్టాలో నేర్పారు. ఎక్కడ కూర్చోవాలో నేర్పింది ఆయన ఒక్కరే.

గోడకి అవతలి డాక్టరు

రెండువేల సంవత్సరం అటూ ఇటూగా సత్తెనపల్లి దగ్గర ఒక మండల కేంద్రంలో పనిచేశాను. మా పశువుల ఆసుపత్రికీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ మధ్య ఒకటే ప్రహరీ గోడ. అటు డాక్టర్ గ్రేస్ గారు, ఇటు నేను. జనం తరచూ గేటు తప్పేవాళ్ళు. మిరపకోతల కాలంలో అయితే మరీనూ. ప్రకాశం వైపు నుంచి వచ్చిన కూలీలకి ఏ బోర్డు ఎవరిదో తెలియదు, అడిగే ఓపికా ఉండదు.

ఒకరోజు ఒక పెద్దాయన నేరుగా మా పాకలోకి వచ్చి, చొక్కా చెయ్యి మడిచి, ఎద్దులు నిలబడే చోట నిలబడ్డాడు.

"ఏంటి తాతా?"

"బలం సూది వెయ్యండి సార్. మా ఎద్దుకి వేసిందే వెయ్యండి. పొద్దున వేస్తే సాయంత్రానికి గడ్డివాము మీదకి ఎగబాకింది."

"నువ్వు కూడా వాము ఎక్కుతావా?"

"ఎక్కక్కర్లా. మంచం దిగితే చాలు."

ఆయన్ని గోడ అవతలికి పంపాను. కాసేపటికి గ్రేస్ గారు గోడ మీదుగా తల పెట్టి, "ఏమండీ డాక్టరుగారూ, మీ ఎద్దుల్ని మీరే చూసుకోండి. ఇటు తోలకండి," అన్నారు.

"ఎద్దు కాదండీ, ఎద్దు గలాయన."

"సూది అడిగే పొగరులో తేడా తెలియలేదు లెండి."

ఆ బలం సూది అంటే బి కాంప్లెక్సు. ఊరూరా ఆర్‌ఎంపీలు జ్వరానికీ, నీరసానికీ, కోర్టు వాయిదాకి పోయొచ్చిన అలసటకీ అదే పొడిచేవాళ్ళు. దాన్ని తలుచుకుని గ్రేస్ గారూ నేనూ టీ తాగుతూ చాలాసార్లు నవ్వుకున్నాం. అలా నవ్వుకునేటప్పుడే ఆవిడ నాకు అసలు పాఠం చెప్పారు.

"బి విటమిన్ అని ఏకవచనంలో అంటాం గానీ అదొక ఉమ్మడి కుటుంబమండీ. నంబర్లు చూడండి. ఒకటి, రెండు, మూడు, తర్వాత అయిదు. నాలుగు లేడు. ఆరు, ఏడు, తొమ్మిది. ఎనిమిది లేడు. పది, పదకొండు కూడా లేరు, ఏకంగా పన్నెండు."

"ఆ నలుగురూ ఏమయ్యారు?"

"తర్వాత లెక్క చూసుకుంటే వాళ్ళు విటమిన్లే కాదని తేలింది. పేర్లు కొట్టేశారు."

ఉమ్మడి కుటుంబం కాబట్టి పనులు పంచుకున్నారు. ఒకటో వాడు తిన్న అన్నాన్ని సత్తువగా మారుస్తాడు, గుండెనీ నరాలనీ నడిపిస్తాడు. రెండో వాడు అలిగితే పెదవుల మూలలు పగులుతాయి. కడుపుతో ఉన్నవాళ్ళకి తొమ్మిదో వాడు కావాలి. పన్నెండో వాడు నెత్తురు పట్టడానికి సాయం చేస్తాడు, కానీ పాలూ గుడ్డూ మాంసమూ తప్ప ఇంకెక్కడా కాపురం పెట్టడు. పన్నెండో వాడు ఒంట్లో ఏళ్ళ తరబడి నిలవుంటాడు. మిగతావాళ్ళకి నిలకడ తక్కువ. అందరూ నీళ్ళలో కరిగేవాళ్ళే. బియ్యం కడిగిన నీళ్ళతో కొందరు, వార్చిన గంజితో కొందరు వెళ్ళిపోతారు. ఒకటో వాడైతే అంతకుముందే మిల్లులో తవుడుతో కలిసి లేచిపోతాడు.

ఇదంతా చెబుతూ ఆవిడ ఒక్కసారిగా నవ్వు ఆపేశారు. "నేను చదువుకునే రోజుల్లో ఒక చంటిబిడ్డ మా చేతుల్లో పోయింది. నోరంతా తెరిచి ఏడుస్తోంది, గొంతు రావట్లేదు. తల్లికి ఒకటో వాడు లేడు, ఆ పాలు తాగిన బిడ్డకీ లేడు. బిడ్డ గుండె ఆగిపోయింది. ఒక్క సూదితో తేరుకునే జబ్బండీ. ఎవరికీ తట్టలేదు." టీ గ్లాసు గోడ మీద పెట్టేసి, "గొంతు లేని ఏడుపు ఎక్కడైనా చూస్తే మీరు ఆలోచించకండి, పరిగెత్తండి," అన్నారు.

చంటిపిల్లల ఏడుపుతో పశువుల డాక్టరుకి పనేముంటుందిలే అనుకున్నాను.

కోటమ్మ గారి పెంపకం

పత్తి విచ్చిన రోజులు. దగ్గర్లోని ఒక ఊరి నుంచి కోటమ్మ కబురు పెట్టింది, ఈనిన గేదె మేత ముట్టడం లేదని. కోటమ్మ అంటే ఆ చుట్టుపక్కల పాడికి పేరు. ఆమె గేదె పాలలో వెన్న శాతం విని పాలకేంద్రం వాళ్ళు మిషను పాడైందేమోనని అనుమానపడేవాళ్ళు. మా అటెండరు మస్తాన్‌వలిని స్కూటరు వెనక ఎక్కించుకుని బయలుదేరాను.

ఏడీ గారి మాట ప్రకారం గాడి దగ్గర కూర్చున్నాను. ఉడికించిన ఉలవలు, పత్తి చెక్క, తవుడు, పైన బెల్లం. పక్కన తొట్టి నిండా చిక్కటి కుడితి.

"ఏంటమ్మా ఇది, గేదెకి పెళ్ళి భోజనం పెట్టావు?"

"బాలింత గేదె కదయ్యా! నెల కూడా కాలా ఈని. దాన్ని ఎండగడితే పాలెక్కడినించి వస్తయ్యి?"

గేదెకి జబ్బేం లేదు, అజీర్తి. ఒక పూట ఎండుగడ్డితో సరిపెట్టమని, అరుగుదలకి పొడి ఇచ్చి, చేతులు కడుక్కోవడానికి వసారా వైపు తిరిగాను. అక్కడ ఆ ఇంటి రెండో బాలింత కనిపించింది.

కోటమ్మ కూతురు శ్రీలక్ష్మి. తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. బిడ్డకి మూడో నెల. చీమకుర్తి రాళ్ళు మోసే లారీ మీద డ్రైవరైన మొగుడు తీరిక దొరికినప్పుడు వచ్చిపోతుంటాడు. మంచం మీద కూర్చుని పళ్ళెంలో అన్నం తింటోంది. మల్లెపూల లాంటి మిల్లు బియ్యం అన్నం, అందులో వెల్లుల్లి కారం. అంతే. తింటూనే ఒక అరికాలితో ఇంకో అరికాలు రుద్దుకుంటోంది.

నా అలవాటు చెడ్డది. గాడి కనిపిస్తే చూడకుండా ఉండలేను.

"కూర లేదా అమ్మా?" అన్నాను.

"పథ్యం," అంది ఆ అమ్మాయి, ఆ ఒక్క మాటలోనే మొత్తం కోపమంతా కూరి.

"పప్పు పెడితే బిడ్డకి కడుపులో నొప్పి, ఆకుకూర పెడితే విరోచనాలు, నీళ్ళు ఎక్కువ తాగితే దీని పొట్ట పెరుగుద్ది," అని కోటమ్మ అందుకుంది. "మా అమ్మ నాకు అట్టాగే చేసింది. అయిదో నెల దాకా ఇంతే."

"ఆ కాళ్ళేంటి?"

"మంటలండీ. తిమ్మిర్లు. నడిస్తే నేల తెలీదు," అంది శ్రీలక్ష్మి.

అప్పుడు మస్తాన్‌వలి నా మోచెయ్యి పట్టుకుని మెల్లిగా, "సార్, ఆ పిల్లోడు ఏడుస్తున్నాడా, ఆవలిస్తున్నాడా?" అన్నాడు.

పక్కన ఉయ్యాలలో బిడ్డ. ముఖం కందిపోయింది. నోరు పూర్తిగా తెరుచుకుంది. ముక్కు పుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుపంతా ఉంది, చప్పుడు ఒక్కటే లేదు.

"మా బంగారుకొండ," అంది కోటమ్మ గర్వంగా. "రెణ్ణాళ్ళ నించి సద్దు లేకుండా ఏడుస్తున్నాడు. పక్కింటోళ్ళకి కూడా తెలీదు."

చెంబు అక్కడే వదిలేసి ఉయ్యాల దగ్గరికి పరిగెత్తాను.

గేదెకి పథ్యం

ముందు మంచిగానే చెప్పాను. బిడ్డ గుండెకి ప్రమాదం, ఇప్పుడే గ్రేస్ గారి దగ్గరికి పోవాలి అని. కోటమ్మ కదల్లేదు. అయిదో నెల దాకా బాలింత గడప దాటకూడదు, గాలి సోకుతుంది. పైగా నేను పశువుల డాక్టర్ని.

"మా గేదె సంగతి చెప్పు వింటా. నా బిడ్డ సంగతి నీకెందుకయ్యా?"

నిజమే. నా అధికారం గేదె వరకే. సరే, అక్కడినుంచే మొదలుపెట్టాను.

"అయితే గేదె సంగతే చెప్తా, విను. ఈ పూట నుంచి గేదెకి పథ్యం. ఉలవలు బంద్, తవుడు బంద్, చెక్క బంద్. వరి అన్నం పెట్టు. కారం చల్లు. నీళ్ళు తగ్గించు, పొట్ట పెరుగుద్ది. అయిదో నెల దాకా ఇంతే."

కోటమ్మ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. మస్తాన్‌వలి కూడా అలాగే చూశాడు.

"నీకేమన్నా మతి పోయిందా డాక్టరూ? బాలింత గొడ్డుకి కడుపు మాడుస్తారంటయ్యా ఎవరన్నా? దానికి లేంది పాలల్లోకి ఎక్కడినించి వచ్చుద్ది? ఆ పాలు తాగిన దూడ బతికి బట్టకడుతుందా? ఎవరు ఇచ్చారయ్యా నీకు ఉద్యోగం!"

వీధిలో వినిపించేలా అరిచింది. నాకు ఉద్యోగం ఎవరు ఇచ్చారో నాకూ అంత బాగా గుర్తులేదు.

మస్తాన్‌వలి అందుకున్నాడు. "కోటమ్మత్తా, ఇప్పుడు నువ్వన్నదే ఇంకోసారి అను. ఈసారి మంచం వైపు తిరిగి అను."

కోటమ్మ మంచం వైపు చూసింది. పళ్ళెం వైపు చూసింది. వెంటనే పట్టు బిగించింది. "గొడ్డూ మనిషీ ఒకటేనా?"

"ఒకటి కాదమ్మా, అదే చెబుతున్నా," అన్నాను. "నీ గేదె పొట్టలో కంటికి కనపడని పురుగులు కోట్లు ఉంటాయి. దానికి కావలసిన బి విటమిన్లు అవే వండి పెడతాయి. తవుడు నువ్వు ఎంత పెట్టినా, మానేసినా, ఆ వంట ఆగదు. నీ కూతురి పొట్టలో ఆ వంటమనిషి లేడు. పళ్ళెంలో ఉంటేనే ఒంట్లోకి వచ్చేది. బియ్యం కడిగిన నీళ్ళు ఎవరికి పోస్తున్నావు?"

"...గేదెకి."

"గంజి?"

"గేదెకే."

"తవుడు సరేసరి. వండుకోగలిగిన దానికి మూడూ పెట్టి, వండుకోలేని దానికి మూడూ తీసేశావు."

ఆ మాటకి శ్రీలక్ష్మి పళ్ళెం పక్కన పెట్టేసింది. "మొన్న గంజి తాగబోతే గిన్నె లాక్కుని దానికే పోసింది సార్. అమ్మా, నాకు పప్పన్నం పెట్టకపోతే నేనూ వచ్చి ఆ తొట్లో మూతి పెడతా. అప్పుడన్నా నన్ను సరిగా మేపుతావు."

కోటమ్మ ఉయ్యాల దగ్గరికి పోయింది. బిడ్డ మళ్ళీ నోరు తెరిచాడు. ఆమె వంగి, చెవి వాడి పెదవులకి ఆనించి వింది. చాలాసేపు వింది. దూడ ఊపిరి అలా విని ఎన్నిటిని బతికించి ఉంటుందో. తల ఎత్తేసరికి ఆమె ముఖంలో గర్వం లేదు.

"పదండి," అంది.

మెత్తటి అంబులెన్సు

నా స్కూటరు మీద బాలింతనీ చంటిబిడ్డనీ ఎక్కించలేను. వీధి చివర సత్తెనపల్లి పోవడానికి పత్తి నింపుకున్న ట్రాలీ ఆటో నిలబడి ఉంది. దాని యజమాని, "నా పత్తి మాసిపోద్ది, రేటు తెగ్గోస్తారు," అని ఏదో మొదలుపెట్టాడు. కోటమ్మ, "ఒరేయ్, నీ పత్తి ఉతికిస్తాలేరా, ముందు తియ్యి బండి!" అని ఒక్క అరుపు అరిచింది. పత్తిని ఉతికిస్తే ఏమవుతుందో ఆలోచించేలోగా వాళ్ళు పైకెక్కేశారు. ఆ రోజు గుంటూరు, ప్రకాశం రెండు జిల్లాల్లోనూ అంత మెత్తటి అంబులెన్సు ఇంకొకటి లేదు. గాలి సోకకుండా కోటమ్మ కూతురి చుట్టూ పత్తి ఎగదోసింది. ఆరోగ్య కేంద్రం ముందు దిగేసరికి ముగ్గురూ మంచులో మునిగి లేచినట్టున్నారు.

గ్రేస్ గారు బిడ్డ నోటి వైపు ఒకసారి, తల్లి పాదాల వైపు ఒకసారి చూశారు. స్టెతస్కోపు పెట్టి ఎక్కువసేపు వినలేదు. అప్పుడే తెలిసింది, ఆరోగ్య కేంద్రంలో ఒకటో నంబరు సూదిమందు అయిపోయిందని.

"నా దగ్గర బి కాంప్లెక్సు పెద్ద సీసా ఉంది," అన్నాను ఆత్రంగా.

ఆవిడ నావైపు చూసిన చూపుకి గేదెలు కూడా తోక ముడుస్తాయి. "గేదె సీసా నా పేషెంటు దగ్గరికి వచ్చిందంటే, మిమ్మల్ని ఈ గోడకే కట్టేస్తాను. మస్తాన్! ఎదురుగా మందుల షాపు. ఈ చీటీ. పరిగెత్తు."

షాపులో ఆ మందు ఉంది. పెట్టెల కొద్దీ ఉంది. ఎందుకుందంటే, బి కాంప్లెక్సుతో పాటు దీన్నీ పొడిచే బలం సూదుల వ్యాపారం పుణ్యమా అని. మేమిద్దరం ఏ పిచ్చిని చూసి ఇన్నాళ్ళు నవ్వామో, ఆ పిచ్చి వల్లే ఆ పూట మందు చేతికి దొరికింది. కొత్తవాళ్ళకి ఒక మాట. జనం మూర్ఖత్వం మీద నవ్వండి, తప్పులేదు. మీరు నవ్వినదానితోనే అవసరం పడితే మొహం మాడ్చుకోకండి.

సూది పడింది. కోటమ్మ బల్ల చివర కూర్చుని కూతురి పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతోంది. పొద్దు వాలేసరికి బిడ్డ ముక్కు పుటాలు ఎగరడం తగ్గింది. పక్కటెముకల కింద గుంట పడటం ఆగింది. తల్లి రొమ్ము దగ్గరికి చేర్చగానే వెతుక్కుని పట్టుకున్నాడు. గ్రేస్ గారు గోడకి ఆనుకుని నిలబడి చేతులతో ముఖం తుడుచుకున్నారు. వెంటనే తేరుకుని, "గుంటూరు తీసుకెళ్ళాలి, ఇంకా గండం గడవలేదు," అని జీపు మాట్లాడారు. తల్లికి కూడా సూదులు రాసిచ్చారు. పోతూ పోతూ కోటమ్మ నన్ను అడిగింది, "మరి గేదె?"

"ఎండుగడ్డి," అన్నాను.

గొంతు

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఇలాంటివి చదివి కొందరు రోజూ పసుపుపచ్చ బి కాంప్లెక్సు మాత్ర వేసుకోవడం మొదలుపెడతారు. ఏం తింటున్నామో చూసుకోకుండా మాత్రలు మింగడమంటే, గాడి ఖాళీగా పెట్టి ఎద్దుకి సూది పొడిపించడమే. పప్పు, వేరుశనగ, ఆకుకూర, గుడ్డు, పాలు, తవుడు పూర్తిగా పోని బియ్యం, ఒకసారి కడిగి గంజి వార్చకుండా వండిన అన్నం. ఇవి పళ్ళెంలో ఉంటే ఉమ్మడి కుటుంబం చాలావరకు ఇంట్లోనే ఉంటుంది. కాళ్ళ తిమ్మిర్లు, చంటిబిడ్డ గొంతు పోవడం లాంటివి కనిపిస్తే మాత్రం డాక్టరు దగ్గరికి పోవాలి. అంటే గోడకి అవతలి డాక్టరు దగ్గరికి.

గుంటూరు నుంచి వాళ్ళు తిరిగొచ్చాక కోటమ్మ మళ్ళీ కబురు పెట్టింది. గేదె కోపంగా ఉందట, పాలు సేపడం లేదట. నేనూ మస్తాన్‌వలీ వెళ్ళాం. వీధి మొదట్లో ఉండగానే ఒక అరుపు వినిపించింది. ఎవరో రేకు డబ్బాని రాయితో గీకుతున్నట్టుంది. స్కూటరు ఆపాను.

"మన బంగారుకొండే సార్," అన్నాడు మస్తాన్‌వలి.

గుమ్మంలోనే కోటమ్మ మా మీద పడింది. "ఏం సూది వేయించారయ్యా? రాత్రీ పగలూ ఒకటే కేకలు! పక్కింటోళ్ళు వచ్చి పోట్లాడుతున్నారు!" అంటూనే వాణ్ణి తెచ్చి, బాగా వినపడాలని, నా చెవికి దగ్గరగా పెట్టింది.

వసారాలో శ్రీలక్ష్మి పళ్ళెం ముందు కూర్చుంది. అందులో గోంగూర పప్పు, పక్కన గుడ్డు. గంజి గిన్నె ఆమె చేతిలోనే ఉంది. తాగుతూ, గిన్నె అంచు మీదుగా పాక వైపు చూసి కళ్ళెగరేసింది.

పాకలో గేదె ఖాళీ కుడితి తొట్టిని మూతితో నెడుతోంది. నేను పొదుగు చూద్దామని వంగాను. అది నన్ను గుర్తుపట్టింది. తన గంజి ఎవరివల్ల పోయిందో దానికి స్పష్టంగా తెలుసు. తన అభిప్రాయం నా కుడి మోకాలి మీద నమోదు చేసింది.

నేను కిందపడి ఒక కేక పెట్టాను. ఆ కేకకి ఉలిక్కిపడి లోపల బిడ్డ నాకన్నా గట్టిగా అందుకున్నాడు.